ఆ ఎర్ర చేప డ్రాగన్ ఎందుకయింది?

చి. బుజ్జికీ, చి. చిట్టికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోనులో బుజ్జి ఒక ప్రశ్న వేశాడు. వింత జీవులను పట్టి పెంచే పోకెమాన్ అనే వీడియో ఆటలో మ్యాజికార్ప్ అనే ఎర్ర చేపకు నీళ్లలో ఎగిరెగిరి పడటం తప్ప ఏ విద్యా రాదు. అలాంటిది ఉన్నట్టుండి గ్యారడోస్ అనే అంత భయంకరమైన జంతువుగా ఎలా మారిపోతుంది అని. ఫోనులో తేలే సంగతి కాదది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

చైనాలో పసుపు నది మీద డ్రాగన్ ద్వారం అనే చోటు ఉంది. వరదకు ఎదురీదుతూ అక్కడికి చేరిన కార్ప్ చేపల్లో ఏది ఆ జలపాతాన్ని దూకి దాటుతుందో అది డ్రాగన్ అయిపోతుందని వాళ్ల పాత కథ. ఆ కథ సముద్రం దాటి, ఈ ఆట పుట్టిన జపాన్ చేరింది. అక్కడ మే 5 పిల్లల పండుగ. ఆ పండుగ రోజుల్లో పొడవాటి గడలకు గుడ్డతో చేసిన కార్ప్ చేపలను కట్టి ఎగరేస్తారు. గాలి నిండగానే అవి ఆకాశంలో ఈదుతున్నట్టే ఉంటాయి. తమ పిల్లలూ అలా ఎదురీది పైకి రావాలని పెద్దవాళ్ల కోరిక. మొదటి పోకెమాన్ ఆటలో ఒకతను మ్యాజికార్ప్ చేపను 500 ఆట డబ్బుకు అంటగడతాడు కదా! కొన్నాక విసుగు పుట్టి వదిలేసినవాడికి ఏమీ మిగలదు. ఓపికగా 20వ స్థాయి దాకా పెంచినవాడికే గ్యారడోస్ దక్కుతుంది. ఈ ఓపిక నాకు చాలా నచ్చింది. చదువుకూ సంగీతానికీ కూడా ఇదే వర్తిస్తుందని మీ అమ్మ అంటే వింటారో లేదో, నేను అంటున్నాను.

రాత్రిపూట అమ్మ పాలు తోడు పెట్టడం చూశారు కదా. గోరువెచ్చని పాలలో నిన్నటి పెరుగు ఒక్క చెంచాడు వేసి మూత పెడుతుంది. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. అందులో ఆ చెంచాడు ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు. ఆ ఆట చేసినవాళ్లు పాత కథలను అలాగే వేశారు. పాలు ఈనాటివి, తోడు మాత్రం తాతల నాటిది. తోడు మరీ ఎక్కువైతే పెరుగు పులుస్తుంది. కథంతా కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీరు ఆట కట్టేసి వెళ్లిపోయేవారు. అందుకే జపాన్ కథ ఒక్కటీ తెలియని హైదరాబాదు పిల్లలకు కూడా ఆ రుచి అందింది.

అలాంటి తోడు ఆ ఆటల నిండా ఉంది. తొమ్మిది తోకల నైన్‌టేల్స్ జపాన్, చైనా కథల్లోని మాయనక్క. తోక పట్టుకుంటే వెయ్యేళ్ల శాపం తగులుతుందని ఆటలోనూ రాశారు. కలలను తినే డ్రౌజీ వెనక బాకు అనే జంతువుంది. ఏనుగు తొండంతో ఉండే ఆ బాకు పీడకలలను తినేస్తుందని అక్కడి నమ్మకం. భూమి కింద ఒక పెద్ద వాలుగ లాంటి మీసాల చేప కదిలితే భూకంపం వస్తుందని కూడా జపాన్‌వాళ్లు చెప్పుకునేవారు. 1855లో ఎడో అనే నగరం, అంటే ఇప్పటి టోక్యో, భూకంపానికి కూలినప్పుడు ఆ చేప బొమ్మలు అచ్చువేసి అమ్మారు. ఆటలోని విస్కాష్ అనే చేప మీసాలు ఈసారి జాగ్రత్తగా చూడండి.

అయితే అన్నిటికన్నా చిక్కని తోడు ఒక మనిషి బాల్యం. పోకెమాన్‌ను సృష్టించిన సతోషి తజిరి 1965లో పుట్టి, టోక్యో పక్కన మచిదాలో పెరిగాడు. చెరువుల వెంట, పొలాల వెంట పురుగుల కోసం తిరిగేవాడు. తోటిపిల్లలు అతన్ని పురుగుల డాక్టరు అనేవారు. క్రమంగా ఆ చెరువులు పూడ్చి ఇళ్లు కట్టేశారు. పెద్దయ్యాక, చేత్తో పట్టుకుని ఆడే ఆట యంత్రాలైన రెండు గేమ్‌బాయ్‌లను కలిపే తీగను చూసి, దాని మీద ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నాడట. ఆ ఊహే 1996 ఫిబ్రవరి 27న ఎరుపు, ఆకుపచ్చ అనే రెండు ఆటలై వచ్చింది. ఆటలో మొదట ఎదురయ్యే అడవిలో వలలు పట్టుకుని నిలబడే కుర్రాళ్లు అతని చిన్ననాటి స్నేహితుల్లాంటివాళ్లే అని నాకు అనిపిస్తుంది.

మా ఊళ్లో మేమూ అంతే. తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చిందంటే ఇసుక నేల మీద ఆరుద్ర పురుగులు బయలుదేరేవి. ఎర్రటి మఖమలు ముక్క ప్రాణం పోసుకుని నడుస్తున్నట్టుండేది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకునేది. అవి కనిపిస్తే వానలు నిలదొక్కుకున్నట్టేనని నాన్న విత్తనాల బుట్ట దించేవారు. మేము అగ్గిపెట్టెలో గడ్డి పరిచి వాటిని దాచేవాళ్లం. నా దగ్గర రెండుంటే ఒకటి ఇచ్చి పక్కింటి కుర్రాడి దగ్గర పచ్చ రంగు పెంకు పురుగును తీసుకునేవాణ్ణి. బేరం కుదిరాక ఇద్దరం కలిసే చూసుకునేవాళ్లం.

ఎరుపు ఆటలో దొరికే కొన్ని జీవులు ఆకుపచ్చ ఆటలో దొరకవు, అందులోవి ఇందులో దొరకవు. మార్పిడి చేసుకుంటే తప్ప పట్టుకున్న జీవుల పట్టిక నిండదు. పిల్లలను ఆ ఆట అంతగా పట్టుకోవడానికి బొమ్మల అందం కన్నా ఇదే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను. స్నేహితుడు లేనివాడు ఎంత ఆడినా పట్టికలో ఖాళీలు ఉండిపోతాయి. మీ ఇద్దరూ పోట్లాడుకోవడం మానితే మీ పట్టికా త్వరగా నిండుతుంది.

తజిరికి మచిదా చెరువు ఏమిచ్చిందో మొత్తం విప్పి చెప్పడం నా వల్ల కాదు. మీరే వెళ్లి చూడండి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. మంచి వాన కురిసిన మర్నాడు పొద్దున్నే నాన్నను వెంటబెట్టుకుని ఊరి చివర ఇసుక నేలకు వెళ్లండి. ఆటలోవి పట్టినా చావవు, ఇవి చస్తాయి. కాబట్టి అగ్గిపెట్టె తీసుకెళ్లకండి, పుస్తకం, రంగు పెన్సిళ్లు తీసుకెళ్లండి. ఆరుద్ర పురుగు కనిపిస్తే పక్కనే కూర్చుని బొమ్మ గీసి, కాళ్లు ఎన్నో లెక్కపెట్టండి. సీతాకోకచిలుకకు ఆరు ఉంటాయి. దీనికి ఎన్నో నేను చెప్పను, మీరే జవాబు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య