కండక్ట్ అనే మాట: అపోహలు, వాస్తవాలు

ఉద్యోగ ఒప్పందాలు, వృత్తి నియమావళులు, విచారణ నివేదికలు ఆంగ్లం నుంచి తెలుగులోకి తేవడం నా వృత్తి. ఈ పత్రాలలో అడుగడుగునా ఎదురయ్యే మాట కండక్ట్. ప్రవర్తన అని రాసి ముందుకు సాగిపోవచ్చు అనిపించేంత సులువుగా అది కనిపిస్తుంది. కానీ ఒక మనిషి కొలువు నిలుస్తుందా పోతుందా, ఒక పరిశోధకురాలి పేరు దక్కుతుందా చెడుతుందా అన్నది ఈ ఒక్క మాటను ఎలా అర్థం చేసుకున్నామన్న దాని మీద ఆధారపడే సందర్భాలు ఉంటాయి. అందుచేత దీని చుట్టూ అల్లుకున్న అపోహలలో నాకు తరచుగా ఎదురయ్యేవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కండక్ట్ అంటే మర్యాదగా మసలుకోవడం.

వాస్తవం: మర్యాదకు ఆంగ్లంలో వేరే మాటలున్నాయి. పలకరింపు, మాటతీరు, వినయం మేనర్స్ కిందికి వస్తాయి. ఒక సభలోనో, విందులోనో, వృత్తిలోనో పాటించవలసిన ఆచారాలు ఎటికెట్ కిందికి వస్తాయి. కండక్ట్ ఈ రెండింటికంటే విశాలమైనది, బరువైనది కూడా. ఒక వ్యక్తి ఏం చేశాడు, ఎలా చేశాడు అన్నదాన్ని మొత్తంగా తీసుకొని, దానికి అతడు జవాబుదారీ అన్న దృష్టితో చూసినప్పుడు ఈ మాట వాడతారు. ఎంతో మృదువుగా మాట్లాడుతూ లెక్కలు తారుమారు చేసిన ఉద్యోగి మేనర్స్‌ను ఎవరూ వేలెత్తి చూపలేరు. అతడి కండక్ట్ మాత్రం శిక్షకు తగినదే. ముక్కుసూటిగా, కటువుగా మాట్లాడుతూనే తన విధిని నిష్ఠగా నిర్వర్తించిన అధికారి విషయంలో ఇది తలకిందులవుతుంది.

బిహేవియర్‌కూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తేలుతుంది. వేడి తగిలినప్పుడు వాయువు ఎలా స్పందిస్తుంది, గుంపులో పక్షులు ఎలా ఎగురుతాయి, పసిబిడ్డ ఎప్పుడు ఏడుస్తాడు అన్నవన్నీ బిహేవియర్. ‘బిహేవియర్ ఆఫ్ గ్యాసెస్’ అని ఏ భౌతికశాస్త్ర పాఠంలోనైనా కనబడుతుంది గాని, ‘కండక్ట్ ఆఫ్ గ్యాసెస్’ అని ఎవరూ రాయరు, ఎందుకంటే ఇలా ఎందుకు చేశావని వాయువును నిలదీయలేం. నిలదీసే వీలున్న చోట కండక్ట్, లేని చోట బిహేవియర్ అన్నది నా అనుభవంలో అన్నిటికంటే నమ్మదగిన గీటురాయి. ఈ గీటురాయి మీద నిగ్గు తేలే వాటిలో వ్యక్తులే కాక సంస్థలూ రాజ్యాలూ కూడా ఉన్నాయి.

అపోహ: ఏదైనా పని చేస్తేనే కండక్ట్, ఊరకే ఉంటే దాని ప్రసక్తి లేదు.

వాస్తవం: అత్యంత ప్రమాదకరమైన అపోహ ఇదేనని నేను భావిస్తాను, ఎందుకంటే తెలుగులో ప్రవర్తన అన్న మాట కంటికి కనబడే తీరునే మనసుకు తెస్తుంది. అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1962లో వెలువరించిన మోడల్ పీనల్ కోడ్ (నమూనా శిక్షాస్మృతి) ఈ మాటను నిర్వచిస్తూ, చేసిన పని గాని, చేయకుండా విడిచిన పని గాని, దానితోపాటు ఉన్న మనఃస్థితి కూడా కండక్ట్‌లో భాగమేనని చెప్పింది. అంటే ఒకే పని తెలిసి చేస్తే ఒక కండక్ట్, తెలియక చేస్తే మరొకటి. చేయవలసిన బాధ్యత ఉండి చేయకపోవడం చేయడంతో సమానంగా లెక్కలోకి వస్తుంది. యంత్రానికి రక్షణ కవచం బిగించే బాధ్యత ఉన్న పర్యవేక్షకుడు, అది ఊడిపోయిందని తెలిసి కూడా కదలకుండా కూర్చుంటే, ఆ కదలకపోవడమే అతడి కండక్ట్.

అంతర్జాతీయ న్యాయంలోనూ ఇదే దారి. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో ఆమోదించిన రాజ్య బాధ్యతా సూత్రాలలో రెండవ అధికరణం, చర్య గాని చర్య లోపించడం గాని రాజ్యపు కండక్ట్ అవుతుందనీ, అది ఆ రాజ్యానికి ఆపాదించదగినదై, దాని అంతర్జాతీయ బాధ్యతను ఉల్లంఘిస్తే తప్పిదం అవుతుందనీ అంటుంది. తన గడ్డ మీద ఉన్న విదేశీ రాయబార కార్యాలయానికి రక్షణ కల్పించకుండా చేతులు కట్టుకొని చూసిన ప్రభుత్వం, దాడి చేసింది మేము కాదు కదా అని తప్పించుకోలేకపోవడానికి కారణం ఇదే.

మాటలు కూడా ఇందులో భాగమే. వేధింపుల నుంచి రక్షణ కోసం బ్రిటన్ 1997లో చేసిన చట్టం ‘కండక్ట్‌లో మాట్లాడడం కూడా చేరుతుంది’ అని స్పష్టంగా రాసుకుంది. ఆ చట్టంలోనే ‘కోర్స్ ఆఫ్ కండక్ట్’ అన్న పదబంధం ఉంది. ఒకే వ్యక్తిని వేధించిన సందర్భంలో కనీసం రెండుసార్లు జరిగితేనే దానికి ఆ పేరు చెల్లుతుంది. దీన్ని ‘ప్రవర్తనా క్రమం’ అని అనువదించినవారిని చూశాను. అలా రాస్తే చదువరికి ఏమీ అందదు. ‘పదేపదే సాగించిన నడవడి’ అంటే అందుతుంది. చేయకపోవడం కూడా కండక్టే అన్న నిర్వచనం వచ్చినప్పుడు నేను ‘చేసిన పనులు, చేయవలసి ఉండి చేయని పనులు, పలికిన మాటలు’ అని మొదటిసారి విడమరిచి రాసి, ఆ తరువాత మాత్రమే నడవడి అన్న ఒక్క మాటకు వస్తాను. వాక్యం పొడవైతే కావచ్చు, సంతకం పెట్టే మనిషికి తాను దేనికి కట్టుబడుతున్నాడో తెలియడం ముఖ్యం.

అపోహ: సర్వే కండక్ట్ చేయడంలోని కండక్ట్‌కూ, గుడ్ కండక్ట్‌లోని కండక్ట్‌కూ సంబంధం లేదు.

వాస్తవం: రెండూ ఒకే వేరు నుంచి మొలిచాయి. లాటిన్‌లో దూకెరె అంటే నడిపించడం. దానికి ‘కలిసి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరి కొందూకెరె అయింది. తోడుండి నడిపించడం, కాపుదలగా వెంట వెళ్ళడం ఆంగ్లంలో ఈ మాటకు ఉన్న పాత అర్థాలు. ఆ అర్థం ‘సేఫ్ కండక్ట్’ అన్న పదబంధంలో ఇప్పటికీ నిలిచి ఉంది. శత్రువుల నడుమ గాని, విచారణకు గాని వెళ్ళే మనిషికి హాని జరగదని పాలకుడిచ్చే అభయపత్రం అది. చెక్ మత సంస్కర్త యాన్ హుస్ అలాంటి పత్రం ఇస్తానన్న రాజు సిగిస్మండ్ హామీతో కాన్‌స్టాన్స్‌లో జరిగిన క్రైస్తవ మత సభకు వెళ్ళాడు. అయినా ఆయనను బంధించి, 1415 జూలై 6న సజీవదహనం చేశారు. ఈ పదబంధాన్ని ‘సురక్షిత ప్రవర్తన’ అని అనువదిస్తే ఆ చరిత్రంతా అర్థం లేనిదైపోతుంది.

ఇతరులను నడిపించడం నుంచి ఒక వ్యవహారాన్ని నడపడం, దాని నుంచి తనను తాను నడుపుకోవడం అనే అర్థాలు విస్తరించాయి. ఇది మనకు కొత్తగా తోచనవసరం లేదు. తెలుగులో నడక, నడత, నడవడి, నడపడం ఒకే కుదురులోనివి. సభను నడిపేవాడు, నడత కలవాడు అంటే రెండు చోట్లా ఆ ధాతువే పలుకుతోంది. అందుకే కండక్ట్‌కు నడవడి అన్నది ప్రవర్తన కంటే దగ్గరి మాట అని నా అభిప్రాయం. ప్రవర్తనలోనూ ముందుకు నడిపించడమనే అర్థం ఒకప్పుడు బలంగా ఉండేది. ధర్మచక్ర ప్రవర్తనం అన్నప్పుడు అది ఇప్పటికీ వినబడుతుంది. వాడుకలో ఆ పదును అరిగిపోయింది.

ఈ బంధుత్వం తెలియకపోతే ‘కండక్ట్ ఆఫ్ ద ట్రయల్’ అన్నది ‘విచారణ యొక్క ప్రవర్తన’గా మారుతుంది. అది విచారణను నడిపిన తీరు, అంతే. ‘కండక్ట్ ఆఫ్ ద వార్’ యుద్ధ నిర్వహణ. ‘కండక్ట్ ఆఫ్’ తరువాత ఒక వ్యవహారం పేరు వస్తే నిర్వహణ, జవాబు చెప్పవలసిన వ్యక్తి పేరో సంస్థ పేరో వస్తే నడవడి అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు పొరపాటు జరగదు.

అపోహ: మిస్‌కండక్ట్ అంటే అసభ్య ప్రవర్తన.

వాస్తవం: అసభ్యత మిస్‌కండక్ట్‌లో ఒక రకం మాత్రమే. తనకు వర్తించే నియమాన్ని లేదా విధిని ఉల్లంఘించిన ఏ నడవడి అయినా మిస్‌కండక్టే అవుతుంది. పరిశోధనా రంగంలో ఈ తేడా ఎంత ముఖ్యమో చూడండి. అమెరికా ప్రభుత్వం 2000లో ప్రకటించిన విధానం ప్రకారం రీసెర్చ్ మిస్‌కండక్ట్ అంటే మూడే మూడు: లేని ఫలితాలను కల్పించడం, ఉన్నవాటిని తారుమారు చేయడం, ఇతరుల ఆలోచనలను గాని రాతలను గాని తమవిగా చెప్పుకోవడం. నిజాయితీగా చేసిన పొరపాటు, అభిప్రాయభేదం ఇందులోకి రావని అదే విధానం చెబుతుంది. ఇలాంటి ఆరోపణను ఎదుర్కొంటున్న వ్యక్తి గురించి తెలుగులో ‘దుష్ప్రవర్తన’ అని రాస్తే, చదివినవారు దాన్ని ప్రయోగశాలలో ఎవరితోనో అనుచితంగా మసలుకున్నట్లుగా అర్థం చేసుకుంటారు. జరగని నేరాన్ని మోపినట్లవుతుంది, జరిగిందేమిటో చెప్పనట్లూ అవుతుంది. ‘పరిశోధనలో అక్రమం’ అనడం న్యాయం. ఉద్యోగ పత్రాలలో ‘గ్రాస్ మిస్‌కండక్ట్’ వస్తే అక్కడ గ్రాస్ అంటే తీవ్రమైన అని అర్థం. స్థూలం అని రాయకూడదు.

అపోహ: మంచి కండక్ట్‌కు అందరికీ ఒకే కొలత.

వాస్తవం: పదవిని బట్టి కొలత మారుతుంది. అమెరికా సైనిక న్యాయస్మృతి 133వ అధికరణం ‘కండక్ట్ అన్‌బికమింగ్’, అంటే హోదాకు తగని నడవడి, అనే నేరాన్ని సైనికాధికారులకు, అధికారి శిక్షణలో ఉన్నవారికి మాత్రమే వర్తింపజేస్తుంది. చాలాకాలం అందులో ‘ఆఫీసర్ అండ్ ఎ జెంటిల్‌మన్’ అని ఉండేది. 2021 చివర్లో చేసిన సవరణతో ‘జెంటిల్‌మన్’ తొలగిపోయింది. ఆ మాట తీసేయడం సబబే. స్త్రీలు కూడా అధికారులుగా ఉన్న సైన్యంలో పురుషుల సంస్కారాన్ని ప్రమాణంగా నిలబెట్టడం అర్థం లేని పని.

అపోహ: కండక్ట్, క్యారెక్టర్ ఒకటే.

వాస్తవం: క్యారెక్టర్ లోపలి స్వభావం, కండక్ట్ బయటికి వచ్చిన నడవడి. రెండోదాన్ని చూసి మొదటిదాన్ని ఊహిస్తాం. తిరగేసి, ఫలానా స్వభావం కలవాడు గనుక ఫలానా పని చేసే ఉంటాడని తీర్మానించడాన్ని న్యాయస్థానాలు సాధారణంగా ఒప్పుకోవు. 1975లో అమల్లోకి వచ్చిన అమెరికా ఫెడరల్ సాక్ష్య నియమాలలో 404వ నియమం, కొన్ని మినహాయింపులతో, సరిగ్గా దీన్నే నిషేధిస్తుంది. నివేదికలో కండక్ట్ అని ఉన్నచోట శీలం అని రాసే అనువాదకులు చేసిన పని మీద ఇచ్చిన తీర్పును మనిషి మొత్తం మీద తీర్పుగా మార్చేస్తున్నారు. అలా మార్చే హక్కు మనకు లేదు.

అపోహ: కండక్ట్ డిజార్డర్ అంటే పిల్లల అల్లరికి పెట్టిన గొప్ప పేరు.

వాస్తవం: ఇది మనోవైద్యంలో కచ్చితమైన నిర్ధారణ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎమ్-5లో దీనికి 15 ప్రమాణాలున్నాయి. మనుషుల మీద, జంతువుల మీద దౌర్జన్యం, ఆస్తి ధ్వంసం, మోసం లేదా దొంగతనం, నియమాల తీవ్ర ఉల్లంఘన అనే నాలుగు గుంపులుగా అవి ఉంటాయి. గడచిన 12 నెలలలో కనీసం 3, వాటిలో కనీసం ఒకటి గడచిన 6 నెలలలో కనబడితేనే, అది కూడా చదువునో సంబంధాలనో తీవ్రంగా దెబ్బతీస్తుంటేనే ఈ పేరు పెట్టాలి. ఎదురు చెప్పే పిల్లవాడి మీద ఈ పేరు వేయడం ఆ బిడ్డకు అన్యాయం. నిజంగా సాయం అవసరమైన బిడ్డ విషయంలో అల్లరేనని కొట్టిపారేయడం అంతకంటే పెద్ద అన్యాయం.

అపోహ: బిహేవ్ ఉన్నచోటల్లా కండక్ట్ పెట్టవచ్చు.

వాస్తవం: వ్యాకరణం ఒప్పుకోదు. ‘షి బిహేవ్డ్ వెల్’ సరైన వాక్యం. ‘షి కండక్టెడ్ వెల్’ అంటే ఆమె దేన్నో చక్కగా నిర్వహించిందనో, వాద్యబృందానికి చక్కగా సారథ్యం వహించిందనో వినబడుతుంది. నడుచుకున్న తీరు గురించి చెప్పాలంటే ‘షి కండక్టెడ్ హర్‌సెల్ఫ్ వెల్’ అనాలి. ‘బిహేవ్ యువర్‌సెల్ఫ్’ అన్నది బుద్ధిగా ఉండమనే పూర్తి ఆజ్ఞ. ‘కండక్ట్ యువర్‌సెల్ఫ్’ దగ్గర ఆపితే వాక్యం వెలితిగా ఉంటుంది, ఎలాగో చెప్పే మాట తరువాత రావాలి. నామవాచకంగా దీనికి బహువచనం వాడరు, ముందు ‘ఎ’ కూడా చేరదు. కాబట్టి ‘ఎ గుడ్ కండక్ట్’, ‘బ్యాడ్ కండక్ట్స్’ రెండూ తప్పే.

ఉచ్చారణలోనూ తేడా ఉంది. నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద పడి కాన్‌డక్ట్‌కు దగ్గరగా వినిపిస్తుంది. క్రియ అయితే రెండవ భాగం మీద పడి కన్‌డక్ట్ అవుతుంది. కండక్టర్ క్రియ నుంచి పుట్టింది గనుక మనం పలికే తీరు సరైనదే. మిస్‌కండక్ట్ నామవాచకం గనుక అక్కడ ‘కాన్’ మీద ఊనిక పెట్టి మిస్‌కాన్‌డక్ట్ అనాలి.