చీటీ మీద మీ పేరే రాయించుకోండి డాక్టరు గారూ

పోయిన వారం కూడా ఇదే మాట. రాత్రి 9 దాటింది, క్లినిక్ కట్టేస్తున్నాం. ఒకాయన హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చారు. "సార్, నా పేరు చీటీ మీద రాయకున్రి. మెడికల్ కౌన్సిల్‌కు తెలిస్తే డాక్టరు రిజిస్ట్రేషన్ పోతది." నల్లగొండలో సైకియాట్రీ ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచి తోటి డాక్టర్ల నోట ఇంతగా విన్న మాట ఇంకోటి లేదు.

అపోహ: డిప్రెషన్‌కో తాగుడుకో వైద్యం చేయించుకుంటే డాక్టరు లైసెన్సు రద్దవుతుంది.

వాస్తవం: కాదు. వైద్యం చేయించుకోవడం తప్పెట్లయితది? కౌన్సిల్ చర్య తీసుకునేది వృత్తిలో తప్పు జరిగిందని తేలితే. దానికీ విచారణ ఉంది, మన వాదన వినాల్సిందే, రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం మీద నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డుకు అప్పీలూ ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ మీ జబ్బు వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇట్లాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. వాట్సాప్ గ్రూపుల్లో "ఫలానా డాక్టరు లైసెన్సు పోయిందట" అని తిప్పేవాళ్లు ఈ సెక్షన్ ఒక్కసారి చదివితే బాగుండు.

రిజిస్ట్రేషన్‌కు నిజంగా ఎసరు పెట్టేది దాచిపెట్టడమే. నిద్ర పట్టదు, తన చేత్తోనే ఆల్ప్రాజొలామ్ 0.25 రాసుకుంటాడు. కొన్ని నెలలకు అది చాలదు. ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టర్లకైతే మందు చేతికందేంత దూరంలోనే ఉంటుంది. సూది గుర్తులు కనబడకుండా మే నెల ఎండల్లో ఫుల్ చేతుల చొక్కా వేసుకొచ్చిన వాళ్లను చూశాను. ఆ స్థితిలో డ్యూటీకెక్కి పేషెంటుకు ఏమన్నా అయితే, కౌన్సిల్‌కు కాగితం పోయేది అప్పుడు.

కొన్నేళ్ల కింద పక్క జిల్లా నుంచి ఒక డాక్టరు వేరే పేరుతో నా దగ్గరికొచ్చేవారు. వృత్తి వ్యవసాయమని రాయించారు. చేతులు చూస్తేనే అనుమానమొచ్చింది, అడగలేదు. అడగాల్సింది. అలవాటుపడ్డ మందులు తగ్గిస్తూ పోదామన్నాను. ఆయన తొందరపడి ఒక్కసారే ఆపేశారు, బస్సులో ఫిట్స్ వచ్చాయి. తర్వాత నెల సెలవు కావాల్సి వచ్చింది. నా దగ్గరున్న రికార్డంతా ఇంకెవరి పేరుతోనో ఉంటే ఆయనకు సర్టిఫికెట్ ఎట్లా ఇచ్చేది? ఎదురుగా కూర్చుని ఏడ్చారు. మళ్లీ మొదటి నుంచి, సొంత పేరుతో, కొత్త చీటీ మీద మొదలుపెట్టాం. ఇప్పుడు ప్రాక్టీసు చేసుకుంటున్నారు.

అందుకే చెప్తున్నా, తాగుడైనా నిద్రమాత్రలైనా అలవాటు ముదిరాక ఇంట్లో కూర్చుని ఒక్కసారే ఆపొద్దు. ఈ సంగతి పేషెంట్లకు రోజూ చెప్పేవాళ్లమే, మన దాకా వస్తే మరిచిపోతాం.

అలసిపోయామన్న జూనియర్లను "మేం పీజీలో ఏకబిగిన 36 గంటలు డ్యూటీ చేయలేదా?" అనే పెద్దలకు ఒక్క మాట. డ్యూటీ మామూలుగా ఒక విడతలో 12 గంటలు దాటొద్దని శిక్షణలో ఉన్న డాక్టర్ల కోసం కేంద్రం పెట్టిన 1992 నాటి రెసిడెన్సీ మార్గదర్శకాల్లోనే ఉంది.

నోరు పారేసుకునే డాక్టరుతో "చెయ్యి మంచిది, నోరే అంత" అని సర్దుకుపోవడం ఇంకొకటి. నిన్నటి దాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఇవాళ నర్సమ్మ మీద ట్రే విసిరాడంటే, సూపరింటెండెంట్లు మెమోతో ఆగొద్దు. నిద్ర, తాగుడు, థైరాయిడ్ ఏమిటో కనుక్కోవాలి. మొదటి నుంచీ అట్లాగే ఉన్నవాడైతే తేదీలతో సహా రాసిపెట్టి, గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. వార్డులో పదిమంది ముందు కాదు.

ఇక తాగిన వాసనొస్తున్నా "అన్న జర తేడాగున్నడు, మనమే చూసుకుందాం" అని కేసులు పంచుకునే జూనియర్లు. మీ ప్రేమ నాకర్థమైతది. కానీ ఆ రాత్రి ఆయన్ని ఆపరేషన్ థియేటర్లోకి పోనీయకండి. డ్యూటీ మార్పించండి, బండి తాళం తీసుకోండి, ఇంటి దాకా వెంట వెళ్లండి. చచ్చిపోతానన్న మాట వినబడితే ఒంటరిగా వదలొద్దు. ఎవరిని పిలవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రిపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. తెల్లారి మీరే తోడుండి తీసుకురండి. నా దగ్గరికే రావాలని లేదు.