పాత పికప్ అమ్మే ముందు రంగు వేయించకండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పాత జీపులు, పికప్ బండ్లు బాగుచేసే షెడ్డు నాది. విల్లీస్, డాడ్జ్, ఫార్గో, సైన్యం వేలంలో ఎప్పుడో కొన్న జోంగా... ఏ బండి అమ్మకానికి వచ్చినా యజమానులు మొదట అడిగేది ఒకటే: "ఏమేం చేయిస్తే ఎక్కువ ధర పలుకుతుంది?" ఏమీ చేయించవద్దు, ముందు సీ బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) తెచ్చి చూపించండి అంటాను. ఈ మాట చాలామందికి రుచించదు. కానీ అమ్మే ముందు హడావిడిగా చేయించిన పనుల వల్లే ధర పడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

అపోహ: కొత్త రంగు వేయిస్తే ధర పెరుగుతుంది

అనకాపల్లి దగ్గర ఒక కుటుంబానికి 1960ల నాటి విల్లీస్ పికప్ ఉండేది. తాతగారి రోజుల్లో అది బెల్లం దిమ్మలు మార్కెట్‌కు మోసిన బండి. తలుపు మీద తెల్లరంగుతో చేత్తో రాసిన దుకాణం పేరు సగం చెరిగిపోయినా చదవడానికి వీలుగానే ఉండేది. ఫొటోలు చూసి హైదరాబాద్ నుంచి ఒకాయన బయలుదేరారు. ఆయన వచ్చేలోపు మనవలు, మంచి ఉద్దేశంతోనే, బండి మొత్తం గీకించి, లప్పం పెట్టించి, మెరిసే ఎర్రరంగు కొట్టించారు. వచ్చినాయన తలుపు దగ్గర చాలాసేపు నిలబడి, "ఆ అక్షరాలు ఏమయ్యాయండీ?" అని మాత్రం అడిగారు. అనుకున్న ధరలో మూడో వంతు తగ్గించారు. ముందే నేను వాళ్లకు ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

పోయింది ఆ అక్షరాలు ఒక్కటే కాదు. ఆరని రంగు వాసన వస్తున్న బండిని చూడగానే, దాని కింద ఏం దాచారోనన్న అనుమానం పుడుతుంది. విశాఖలో ఆ అనుమానం మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట నిలిపిన బండికీ, పెందుర్తి వైపు షెడ్డులో ఉన్న బండికీ పోలికే ఉండదు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు, చేపలు మోసిన బండి అయితే వెనక సరుకు వేసే తొట్టి అడుగు తప్పకుండా విప్పి చూడాలి. తుప్పు ఎదురుగా కనిపించే చోట మొదలవదు. తలుపుల అడుగు అంచులు, క్యాబిన్ కింది మూలలు, బ్యాటరీ పెట్టే పళ్లెం కింద, కమాన్ పట్టీలు ఛాసిస్‌కు బిగించిన చోటు, తొట్టిలో చెక్క పలకల అడుగు... వీటిలో ముందు పడుతుంది. తెలిసినవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం తెచ్చుకుంటారు. ఇనుముంటే అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు మీద పడి నలిగిన క్యాబిన్లు, తర్వాత అతుకులు వేయించుకుని, ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటాయి. అతుకు ఉందని ముందే చెప్పిన బండికి బేరం కుదురుతుంది. అదే అయస్కాంతంతో బయటపడితే, బాగున్న ఇంజనును కూడా ఎవరూ నమ్మరు. కాబట్టి మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, తుప్పు పట్టిన చోట్లకు కూడా దగ్గర నుంచి ఫొటోలు తీసి పంపండి.

అపోహ: డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే ఇంకా మంచిది

పెట్రోలు ఖర్చు భరించలేక ఒకప్పుడు చాలామంది విల్లీస్ బండ్లలో మాటడోర్ వ్యాన్ల డీజిల్ ఇంజన్లు పెట్టించారు. బతుకుతెరువు కోసం నడిపే బండికి అది సబబైన పనే. కానీ ఇప్పుడు పాత పికప్ వెతుక్కుంటూ వచ్చేవారికి మైలేజీతో పని లేదు. వాళ్లు చూసేది దానితో పుట్టిన 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజను ఉందా, దాని మీది నంబరు సీ బుక్‌లోని నంబరుతో కలుస్తుందా అన్నదే. ఇంజను మార్చినప్పుడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆ మార్పును రిజిస్ట్రేషన్‌లో ఎక్కించుకోవాలి. ఎక్కించని బండి పేరు బదిలీ దగ్గర ఆగిపోతుంది. పాత ఇంజను దిమ్మ పెరట్లో ఎక్కడైనా పడి ఉంటే దయచేసి తూకానికి వేయకండి. ఎంత తుప్పు పట్టినా బండితో పాటే ఇవ్వండి.

అపోహ: యాభై ఏళ్లు దాటితే వింటేజ్ గుర్తింపు దానంతట అదే వస్తుంది

పాత బండ్ల సంఘాల లెక్క వేరు, చట్టం లెక్క వేరు. అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1919 నుంచి 1930 వరకు తయారైన వాటినే వింటేజ్ తరగతిలో పెడుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలి. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్లంటే నాకు ఎంతో ఇష్టం, కానీ 1980ల నాటి ఆ బండ్లకు ఇంకా ఆ వయసు రాలేదు.

కొత్తగా నమోదు చేయిస్తే రుసుము రూ.20,000. అది పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు రూ.5,000. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి మూడక్షరాల పాత నంబరునే ఉంచుకోవచ్చు. దాన్ని పోగొట్టుకోవద్దని నా సలహా.

పికప్ యజమానులు ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ నిబంధనలు ముఖ్యంగా సొంత అవసరానికి వాడే ద్విచక్ర వాహనాలు, కార్ల కోసం రాసినవి. మీ బండి సరుకు వాహనంగా నమోదై ఉంటే, వింటేజ్ అని ప్రకటన ఇవ్వకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. వింటేజ్ నమోదు పొందిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప రోజువారీగా తిప్పకూడదు. కిరాయికి అసలే తిప్పకూడదు.

అపోహ: ఫారం 29, 30 మీద సంతకం పెట్టేస్తే మన పని అయిపోయినట్టే

నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒక పికప్ అమ్మి, పేరు బదిలీకి వాడే ఆ ఫారాలు ఖాళీగా ఉండగానే సంతకాలు చేసి ఇచ్చాను. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. ఏడాది తర్వాత ఆ బండి ఎవరినో గుద్దిందని నోటీసు మా ఇంటికి వచ్చింది. ఆ రోజు మా అమ్మ ముఖం నేను మరచిపోలేను. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వారినే యజమానిగా చూడాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. కొన్నవారికి గడువు 30 రోజులు. బండి ఇంకా నాన్నగారి పేరునో తాతగారి పేరునో ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. అన్నదమ్ములలో ఒకరు ఒప్పుకోకపోయినా అమ్మకం అక్కడే నిలిచిపోతుంది.

అపోహ: పదిహేనేళ్లు దాటిన బండి తుక్కుకే పోవాలి

డీజిల్‌కు పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల కోసం వచ్చిన ఆదేశాల సంగతి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన వాటికి రిజిస్ట్రేషన్ పొడిగించకపోవడం ప్రభుత్వ వాహనాలకు వర్తించేది. మన సొంత బండి ఫిట్‌నెస్‌లో నెగ్గి, రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటే చాలు. "ఎలాగూ తుక్కే కదా" అని తూకం ధరకు అడిగే మధ్యవర్తులకు తొందరపడి తలూపకండి.

అపోహ: కొనేవారు వచ్చేముందే ఇంజను వేడి చేసి ఉంచాలి

వచ్చినవారు మొదట బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. వెచ్చగా తగిలిందంటే, పొద్దున్నే స్టార్ట్ కాని బండి అని నిర్ణయించుకుంటారు. చల్లగానే వదిలేయండి. వాళ్ల ముందే చోక్ లాగి స్టార్ట్ చేయండి, రెండు మూడుసార్లు ఆగినా ఫరవాలేదు. పొగ నీలంగా వస్తే నూనె కాలుతోందని, రింగులు అరిగి ఉండవచ్చని మీరే చెప్పండి. బేరం కుదిరాక బయానా రసీదు మీద ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాయండి. బండి అప్పగించే రోజు ఇచ్చే కాగితంలో తేదీతో పాటు సమయం కూడా రాయించి, ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ సాయంత్రమే ఎన్ఏడీ కూడలి దగ్గర చలానా పడితే, అప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో ఆ కాగితమే చెబుతుంది.