వారానికొక గుజ్జు: పిల్లలకు ఉత్తరం

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

చదువులకూ ఉద్యోగాలకూ ఊరు దాటి వెళ్లి సొంతంగా వండుకుంటున్న మీరు, సాయంత్రం టమాటాలు తరిగి మగ్గబెట్టే ఓపిక లేక బయట తింటున్నామని చెబుతుంటే నాకు బాధగా ఉంటుంది. వారానికి ఒక్క గుజ్జు చేసి పెట్టుకోగలిగితే ఆ శ్రమ చాలావరకు తగ్గుతుంది. కూరగాయలు తెచ్చిన రోజే ఆ పని ముగించండి. దానికోసం వేరే రోజు కేటాయిస్తే అలవాటు సాగదు. మొదట్లో కిలోకు మించి చేయవద్దు.

మన మదనపల్లె టమాటా ధర ఒకప్పుడు అందకుండా పోయి, ఇంకొకప్పుడు కోత కూలి కూడా గిట్టక రైతులు రోడ్డు పక్కన పారబోసేంతగా పడిపోతుంది కనుక, చవకగా ఉన్న వారం టమాటాతోనే మొదలుపెట్టండి. బాగా పండినవి ఏరి కడిగి, అడుగున కత్తితో అడ్డంగా, నిలువుగా చిన్న గాట్లు పెట్టి, మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి చన్నీళ్లలో వేస్తే, గాటు దగ్గర తొక్క ముడుచుకుని పైకి లేస్తుంది. వేళ్లతో లాగితే ఊడి వస్తుంది. పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి, లేకపోతే ఆవిరి మూతను ఎగదన్ని చేతులు కాలుస్తుంది. తరువాత స్టీలు గిన్నెలో సన్నని సెగ మీద పెట్టి, గరిటెతో అడుగు గీస్తే ఆ గీత క్షణకాలం నిలిచేంతవరకు దగ్గర పడనివ్వండి. పులుపు అల్యూమినియంతో చర్య జరుపుతుంది కాబట్టి ఆ గిన్నె వాడవద్దు.

ఫ్రిజ్‌లో ఇది మూడు నాలుగు రోజులు బాగుంటుంది. మిగిలినది ఐసు ట్రేలో గడ్డకట్టించి, ముక్కలను మూత గట్టిగా పట్టే డబ్బాలోకి మార్చి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలైనా వాడుకోవచ్చు. పప్పుకు రెండు ముక్కలు, ఇగురుకు నాలుగు చాలు. కరెంటు పోయి ముక్కలు పూర్తిగా కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించకుండా, ఇంకా చల్లగా ఉండగానే వండేయండి.

అల్లం వెల్లుల్లి ముద్ద విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: పైన నూనె పోశాం కదా అని బయట ఉంచవద్దు. గాలి అందని చోట, పులుపు లేని పదార్థంలో బొటులిజం అనే ప్రాణాపాయమైన జబ్బును తెచ్చే సూక్ష్మజీవి పెరగగలదు, వాసనలో తేడా తెలియకపోవచ్చు కూడా.

జూన్, జూలైలలో చిత్తూరు తోతాపురి మామిడి లారీలకొద్దీ గుజ్జు ఫ్యాక్టరీలకు తరలుతుంది. అప్పుడు నాలుగు కాయలు తెచ్చి, గుజ్జు తీసి, ఉడికించకుండానే ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

ఈ వారం కిలో టమాటాల గుజ్జు మీకు ఎన్ని పూటలకు వచ్చిందో రాయండి. దానిని బట్టి వచ్చే వారం ఎంత చేసుకోవాలో చెబుతాను.

మీ పెద్దమ్మ