62 అంటే గుండెపోటేనా?

మా బావది పరకాల. వారానికి మూడు రోజులు హనుమకొండకొచ్చి డయాలసిస్ చేయించుకుంటాడు. ఒక రాత్రి ఆయాసం ఎక్కువైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌ను కొలిచే హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ టి పరీక్షలో 62 వచ్చింది. పక్కనే 'నార్మల్: 14 లోపు' అని ఉంది. డ్యూటీ డాక్టర్ హార్ట్ ఎటాక్ అన్నాడు. కాసేపటికి వచ్చిన ఇంకో డాక్టరేమో "కిడ్నీ పేషెంట్లకు ఇది మామూలే" అని కొట్టిపారేశాడు. నన్నడిగితే రెండూ తొందరపాటు మాటలే. ఈ తికమక ఇవాళ్టిది కాదు.

రక్తంలో గుండెపోటు జాడ వెతకడం 1954లో ఏఎస్‌టీ ఎంజైమ్‌తో మొదలైంది. లివర్ దెబ్బతిన్నా అది పెరుగుతుంది. తర్వాత వచ్చిన సీకే-ఎంబీ అనే ఎంజైమ్ పరీక్ష కూడా గుండెకే పరిమితం కాదు. 1980ల చివర్లో జర్మనీలో హ్యూగో కాటుస్ బృందం ట్రోపోనిన్ టి పరీక్షను తయారుచేసింది. అయితే ఆ మొదటి తరం కిట్లు ఒంటి కండరాల ట్రోపోనిన్‌ను కూడా కొంత పట్టేసేవి. డయాలసిస్ వాళ్ల రిపోర్టులకు 'ఫాల్స్ పాజిటివ్' అన్న ముద్ర అప్పుడు పడిందే. 1990ల్లోనే కిట్లు బాగుపడ్డాయి, ముద్ర మాత్రం చెరగలేదు.

నిజానికి డయాలసిస్ వాళ్లలో కనిపించే ట్రోపోనిన్ గుండెదే. ఏళ్ల తరబడి బీపీతో మందమైన గుండె గోడ, ఒంట్లో నిలిచిన నీటి బరువు, రక్తం సరిగా అందని సన్న నాళాలు, వీటన్నిటి వల్లా కండరం రోజూ కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. పాడైన కిడ్నీ ఆ ట్రోపోనిన్‌ను త్వరగా బయటికి పంపలేకపోతుంది. అందుకే డయాలసిస్ వాళ్లలో దాదాపు అందరికీ 14 దాటే ఉంటుంది. అలాగని పట్టించుకోకుండా వదిలేసే అంకె కాదది. అది ఎక్కువున్నవాళ్లకు ప్రాణాపాయమూ ఎక్కువే. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డయాలసిస్ పేషెంట్లలో ముప్పు అంచనాకు ట్రోపోనిన్ టి వాడొచ్చని ఒప్పుకుంది.

మరి గుండెపోటును పట్టేదెట్లా? ఒక్క అంకెతో కాదు, కొన్ని గంటల తేడాతో తీసిన రెండు అంకెలతో. ముందే ఎక్కువున్న కిడ్నీ పేషెంట్లలో 20 శాతానికి మించి మారితేనే గుండెకు కొత్తగా దెబ్బ తగిలినట్టు చూడాలని 2007లో అమెరికా క్లినికల్ బయోకెమిస్ట్రీ నిపుణులు సూచించారు. ఈసీజీ, లక్షణాలు కూడా చూడాల్సిందే. వీళ్లలో చాలామందికి ఛాతీ నొప్పే రాదు, బావకొచ్చినట్టు ఆయాసమే వస్తుంది.

మూడు గంటలకు మళ్లీ తీస్తే 64. ఈసీజీలో కొత్త మార్పేమీ లేదు. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ అక్క, చేతిలోని ప్లాస్టిక్ కవర్ విప్పి, "సార్, పోయిన నెలది కూడా ఉంది, చూస్తరా?" అంది. అందులో 59 ఉంది.