అందరికీ మెడల్: ఈ వాదన ఎక్కడ మొదలైంది?

జనవరి 26 దగ్గరపడితే నల్లగొండలో, పాలమూరులో షీల్డులు, మెడళ్లు అమ్మే దుకాణాలకు గిరాకీ. ఒకప్పుడు బడి ఆటలపోటీల్లో మూడే బహుమతులు ఉండేవి: ఫస్టుకు స్టీలు టిఫిన్ డబ్బా, సెకండుకు గిన్నె, థర్డుకు సబ్బుపెట్టె. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్లు. ఇప్పుడు చాలా ప్రైవేటు బడుల్లో యూకేజీ పిల్లలందరి మెడలోనూ మెడల్ పడుతోంది. "గెలిచినోనికీ ఓడినోనికీ ఒకటే అయితే ఇంకెందుకు ఉరకాలె?" అని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు.

పాల్గొన్నందుకు పతకం ఇవ్వడం కొత్తేమీ కాదు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే క్రీడాకారులకు జ్ఞాపిక పతకాలు ఇచ్చారు. పిల్లల విషయంలో దీనికి ఊపు వచ్చింది అమెరికాలో. ఆత్మగౌరవం పెంచితే చదువులు బాగుపడతాయి, నేరాలు తగ్గుతాయి అన్న నమ్మకంతో కాలిఫోర్నియా ప్రభుత్వం 1986లో ఒక కార్యదళాన్నే వేసింది. 2003లో మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలను తిరగేసి, ఆత్మగౌరవం పెంచినంత మాత్రాన చదువులో ఫలితాలు మెరుగవుతాయనడానికి ఆధారం లేదని తేల్చింది.

నాకు వీటన్నింటికన్నా విలువైనదిగా అనిపించేది 1973లో మరో మనస్తత్వవేత్త మార్క్ లెప్పర్, సహచరులు చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం. బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఎవరూ అడగనప్పుడు బొమ్మలు వేయడం తగ్గించేశారు. ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అంటే బహుమతి ఇవ్వడం కాదు, ముందే ఆశ చూపడం చెడగొట్టింది.

మన దగ్గర దారి వేరు. 1971లో అప్పటి ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు హయాంలో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. ప్రవేశపరీక్ష నెగ్గిన కొద్దిమందికే అందులో చోటు. ఎందరో పేద పిల్లలకు అది దారి చూపింది, కాదనను. కానీ సీటు రాని పిల్లల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఎనిమిదో తరగతి వరకు ఫెయిల్ చేయడం ఆగింది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు.

ఈ జిల్లాల్లో అందరూ ఒకే గీత మీద నిలబడి పరుగు మొదలుపెట్టలేదన్నది మరవకూడదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర తిరిగిన పిల్లలు ఆటలపోటీ రోజున గ్రౌండు పక్కన కూర్చునేవాళ్లు. పాలమూరులో అమ్మానాన్నలు ముంబైకో, పుణెకో వలసపోతే పిల్లలూ వెంట వెళ్లేవాళ్లు. బడి ఇచ్చే ఫుల్ అటెండెన్స్ ప్రైజు ఆ పిల్లలకు ఎన్నటికీ అందేది కాదు. నెలల తరబడి బడికి దూరమై మళ్లీ వచ్చి, తన ఈడు వాళ్లతో పాటు బెంచీ మీద కూర్చున్న పిల్ల చేసింది చిన్న పనా? దానికి ఏ షీల్డూ లేదు.

అందుకే అందరికీ ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే నేను ఆగను. పేరు కోసం ఒక ఖాళీ గీత, కింద "పాల్గొన్నందుకు" అన్న అచ్చు, అంతే ఉంటోంది చాలా సర్టిఫికెట్ల మీద. ఆ కాగితం మీద టీచర్ తన చేత్తో ఒక్క వాక్యం రాయాలని నా కోరిక: "రిలేలో బ్యాటన్ చేజారినా వెనక్కి వచ్చి తీసుకుని పరుగు పూర్తిచేసింది" అని. అలా రాయాలంటే ముందు ఆ పరుగును చివరిదాకా చూసి ఉండాలి.