కొత్త గుజ్జు, పాత కాగితం గుజ్జు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రీసైకిల్ చేసిన ప్రతిసారీ పీచు తెగి పొట్టిదవుతుంది కాబట్టే పాత కాగితంతో చేసిన కాగితానికి బలం తక్కువ.

వాస్తవం: పీచు కొంత తెగే మాట నిజమే. అయితే రసాయనాలతో ఉడికించి తీసిన గుజ్జు విషయంలో అసలు నష్టం కాగితాన్ని ఆరబెట్టే వేడి డ్రయర్ సిలిండర్ల మీద జరుగుతుంది. చెక్కలో పీచులను అతికి ఉంచే లిగ్నిన్‌ను తొలగించినప్పుడు పీచు గోడలో సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి. అవి నీటిని పీల్చుకొని పీచును ఉబ్బించి, సులువుగా వంగేలా చేస్తాయి, అలా వంగే పీచులే పక్కవాటికి అతుక్కొని షీటుకు బలాన్నిస్తాయి. కాగితం ఆరేటప్పుడు ఈ రంధ్రాలలో చాలావరకు మూసుకుపోతాయి, తర్వాత ఎంత నానబెట్టినా అన్నీ తెరుచుకోవు. హార్నిఫికేషన్ అనే ఈ మార్పులో సింహభాగం మొదటిసారి ఆరినప్పుడే జరిగిపోతుంది. ఇలా రసాయనాలతో ఉడికించి తీసే క్రాఫ్ట్ గుజ్జుతో ప్రయోగశాలలో షీట్లు చేసి, ఆరబెట్టి, వాటినే నీటిలో విడగొట్టి తిరిగి షీట్లు చేస్తే, లాగుడును తట్టుకునే బలం పడిపోతుంది గానీ చిరుగును తట్టుకునే బలం మొదట్లో తరచుగా పెరుగుతుంది. పీచు పొట్టిబడటమే కారణమైతే రెండోది కూడా తగ్గి ఉండాలి. చెక్కను యంత్రాలతో నలిపి తీసే, లిగ్నిన్ మిగిలి ఉండే మెకానికల్ గుజ్జులో ఈ నష్టం చాలా తక్కువ.

అపోహ: రిఫైనింగ్ (గుజ్జును యంత్రంలో నూరి పీచును మెత్తబరచడం) పెంచితే పోయిన బలమంతా తిరిగి వస్తుంది.

వాస్తవం: కొంత వస్తుంది. దానితోపాటు ఫైన్స్ అనే నుసి కూడా పెరిగి, నీటిని వదలకుండా పట్టి ఉంచుతుంది. ఫ్రీనెస్ (గుజ్జు నీటిని వదిలే వేగం) పడిపోయి మెషిన్ వేగం తగ్గించాల్సి వస్తుంది. రిఫైనింగ్ మితంగా ఉంచి, స్టార్చి వేయడమో, పొడవైన పీచుండే సాఫ్ట్‌వుడ్ (పైన్ వంటి చెట్ల) గుజ్జు కొంత కలపడమో మేలని నా అభిప్రాయం.

అపోహ: పాత కాగితంతో వచ్చే పెద్ద తలనొప్పి సిరా.

వాస్తవం: సిరాను వదిలించే పని కొత్తది కాదు; లండన్‌లో మాథియస్ కూప్స్ 1800లోనే అందుకు పేటెంట్ తీసుకున్నాడు. నేటి ఫ్లోటేషన్ సెల్‌లో, నీటికి కలవని సిరా కణాలు గాలిబుడగలకు అంటుకొని నురగతోపాటు పైకి తేలిపోతాయి. జిగురు అంత తేలిగ్గా లొంగదు. పుస్తకాల వెన్నుకూ లేబుళ్లకూ వాడిన జిగురు వేడికి మెత్తబడి, 0.15 మి.మీ. చీలికలున్న స్క్రీన్‌లోంచి కూడా సాగి జారిపోయి, చివరకు తడి షీటును మోసే ఫెల్టు గుడ్డకో డ్రయర్‌కో పట్టుకొని షీటుకు చిల్లులు పెడుతుంది, ఒక్కోసారి షీటునే తెంపుతుంది.

అపోహ: పాత కాగితంతో నడిచే మిల్లు కర్బన ఉద్గారాలు ఎప్పుడూ తక్కువే.

వాస్తవం: మొత్తం శక్తి వినియోగం సాధారణంగా తక్కువే. కానీ క్రాఫ్ట్ మిల్లులో చెక్క బరువులో దాదాపు సగం బ్లాక్ లిక్కర్ అనే, ఉడికించగా మిగిలిన ద్రవంలోకి కరిగిపోయి, రికవరీ బాయిలర్‌లో మండి, మిల్లుకు కావలసిన ఆవిరిలోనూ కరెంటులోనూ పెద్ద వాటాను ఇస్తుంది. పాత కాగితం మిల్లుకు అలాంటి సొంత ఇంధనం ఉండదు. అది బొగ్గు మీద ఆధారపడితే లెక్క తారుమారు కావచ్చు. మెకానికల్ గుజ్జుతో పోల్చినప్పుడు మాత్రం శక్తి విషయంలో పాత కాగితానిదే స్పష్టంగా పైచేయి, ఎందుకంటే న్యూస్‌ప్రింట్ కోసం చెక్కను పీచుగా విడదీయడానికే టన్నుకు సుమారు 2,000 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.